ఖాసిం అయ్యవారి నారికురుపు రిజిస్టరు

మొన్న తుంగభద్రకు కొత్తనీళ్లు వచ్చి కర్నూలు కుళాయిల్లో ఎర్రనీళ్లు దిగాయి. అదే రోజు మా అమ్మాయి ఇంట్లో నీళ్ల మిషను మొరాయించింది. బాగుచేసేవాడు రేపు వస్తానన్నాడు. రేపంటే వాళ్ల లెక్కలో ఎల్లుండి. నేను గజం తెల్ల మల్లుగుడ్డ తెప్పించి, నాలుగు మడతలు వేసి, బిందె మూతికి కట్టి చెంబుతో నీళ్లు పోశాను. కొత్తగుడ్డ తడవగానే గంజి వాసన గుప్పుమంది. అరవై ఏళ్ల కిందటి వాసన అది. "గుడ్డతో వడగడితే ఏం లాభమమ్మా, కంటికి కనిపించనివన్నీ అందులోంచి దిగిపోతాయి కదా" అంది మా అమ్మాయి. నిజమే, చాలావరకు దిగిపోతాయి. ఏది దిగదో మాత్రం నాకు తెలుసు. ఎవరో చెబితే తెలిసింది కాదు, మా ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి రాసి తెలుసుకున్నది. అలా రాయడం నేర్పిన మనిషి ఖాసిం అయ్యవారు.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో, ఒక చలికాలం చివర, ఆయన ఆత్మకూరు వైపు నుంచి మా ఊరి మిడిల్ స్కూలుకు బదిలీ అయి వచ్చారు. మా ఊరు పత్తికొండకు నాలుగైదు మైళ్ల దూరం. అప్పట్లో మాకు చదువు చెప్పేవాళ్లందరూ అయ్యవార్లే. ఈయన సన్నగా, పొడుగ్గా ఉండి, ఎప్పుడూ కిందేదో వెతుకుతున్నట్లు కొంచెం వంగి నడిచేవారు. అంతకు ముందున్నాయన బెత్తంతో పాఠం చెబితే ఈయన ఒక్క ప్రశ్నతో చెప్పేవారు. మేము ఏమన్నా సరే, "నీకెట్ల తెలుసు?" అనేవారు. భూమి గుండ్రంగా ఉంది. నీకెట్ల తెలుసు? పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం రాసినాయనకు ఎట్ల తెలుసు? మాకు ఒళ్లు మండేది. దీనికన్నా బెత్తమే నయమని మా తరగతిలో అందరం అనుకున్నాం. ఏడో తరగతిలో ఆడపిల్లలం ముగ్గురమే. సుంకమ్మ చేతిరాత ముత్యాల్లా ఉంటుందని నాకు పేరు, ఆ పేరుకు తగిన పొగరు కూడా ఉండేది.

మా ఊరి నీళ్లు దిగుడుబావివి. మెట్లు దిగి, మోకాళ్ల లోతు నీళ్లలోకి పోయి బిందె ముంచుకునేవాళ్లం. మా ఊరి జబ్బు నారికురుపు. ఇప్పటివాళ్లు చూసి ఉండరు గనక చెప్పాలి. ఎండలు మొదలవుతూనే కాలి మీద బొబ్బ లేచేది, నిప్పు పెట్టినట్లు మండేది. అది చితికి, అందులోంచి తెల్లని దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి. తొందరపడి తెంపితే కాలంతా చీము పట్టేది. నెల, రెండు నెలలు మనిషి మంచానికే అంకితం. మంట తాళలేక జనం ఆ దిగుడుబావికే పోయి, కాలు నీళ్లలో పెట్టుకుని మెట్ల మీద కూర్చునేవారు. అంతకు ముందటేడు మా అక్క నాగమ్మకు ఎండాకాలంలో పెళ్లి చేసి రాజంపేట దగ్గరి ఊరికి పంపించాం. అది పోయిన నెలకే, సరిగ్గా విత్తనం వేసే అదనులో, మా నాయన కాలికి నారి వచ్చింది. చేను బీడుగా ఉండిపోయింది. ఆ ఏడాదంతా అంబలి కూడా చూసి చూసి తాగాం. పండగలకు అక్కను పిలుచుకు రావడానికి కూడా చేతకాలేదు. తొలకరి వాన పడిన రోజు నాయన ఆ చప్పుడు వింటూ గోడ వైపు తిరిగి ఏడ్చాడు. అది మళ్లీ చూడకూడదన్నదే అప్పటి నా ఒక్క కోరిక.

అయ్యవారు వచ్చిన రెండు నెలలకు ఎండలు ముదిరి బడిలో బెంచీలు ఖాళీ కాసాగాయి. ఒకరోజు ఆయన హాజరుపట్టీ తిరగేస్తూ, "కొట్టాల పిల్లోళ్లు ఒక్కరూ మానలేదే, ఎందుకు?" అని అడిగారు. కొట్టాలంటే ఊరికి అవతల ఉన్న పదిహేను గుడిసెలు. మేము తలా ఒక మాట చెప్పాం. వాళ్ల కాళ్లు గట్టివని ఒకడు, వాళ్ల మీద ఊరి దేవత సుంకులమ్మ దయ ఉందని ఒకతె, వాళ్లు వేడిచేసే తిండి తినరని నేను. ఆయన అన్నీ బోర్డు మీద రాసి, వీటిలో ఏది నిజమో ఎట్లా కనుక్కోవాలో మమ్మల్నే చెప్పమన్నారు. కొట్టాల పిల్లల్ని అడిగితే వాళ్లు తినేదీ మాలాగే జొన్న సంగటి. సుంకులమ్మకు వాళ్లూ కోడిని కోస్తారు, మేమూ కోస్తాం. కష్టం చేసి గట్టిపడిన కాళ్లంటే మా నాయనవి అంతకన్నా గట్టివి. ఒక్కొక్కటే కొట్టేస్తూ పోతే చివరికి బోర్డు మీద ఒక్కటి మిగిలింది. వాళ్లది చేదబావి. తాడేసి తోడుకుంటారు, నీళ్లలో ఎవరూ కాలు పెట్టరు. "అయితే నీళ్ల వల్లే అని తేలిపోయింది అయివారూ!" అని నేను ఎగిరి గంతేశాను. "తేలలేదమ్మా. అనుమానం వచ్చింది, అంతే" అన్నారు.

మరునాడు మమ్మల్ని దిగుడుబావి దగ్గరికి తీసుకుపోయారు. గాజు గ్లాసులో నీళ్లు ముంచి ఎండకెత్తి చూపించారు. సూదిమొనంత తెల్లని చుక్కలు కొన్ని ఉండుండి ఎగురుతున్నాయి. అన్నేళ్లు తాగిన నీళ్లలో వాటిని ఒక్కరోజూ చూడలేదు. తర్వాత మడతలు పెట్టిన మల్లుగుడ్డలో అవే నీళ్లు పోసి ఇంకో గ్లాసులోకి పట్టారు. అందులో ఎగిరేవి లేవు. గుడ్డను తిరగేస్తే అక్కడున్నాయి. నారి వీటితోనే మన కడుపులోకి పోతాండాదేమో అన్నారు. అప్పుడు మా అవ్వ, అంటే నాయన తల్లి, మెట్ల మీద కూర్చుని మంటపుట్టే కాలిని నీళ్లలో పెట్టుకుని ఉంది. నారి లాగడంలో ఊళ్లో ఆమెను మించినవాళ్లు లేరు.

"ఏమప్పా అయివారూ, మా నీళ్లకు అద్దాలు పెట్టి చూస్తాండావు? నారి అనేది పురుగు గాదు, నరము. ఉడుకుకు బయటికొస్తాది. మా తాతల కాలం నుంచి ఇంతే."

"కావచ్చవ్వా. నాకూ తెలీదు. కనుక్కుందామని చూస్తాండా."

"అయివారై ఉండి తెలీదంటావేమప్పా, సిగ్గులేకుండా!" అని అవ్వ నవ్వింది. బావి దగ్గరున్న ఆడవాళ్లంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది. ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వారు.

ఉగాది నుంచి వడగట్టడం మొదలైంది. ఇష్టమైన ఇళ్లవాళ్లే వడగట్టాలి, తక్కినవాళ్లను ఎవరూ బలవంతం పెట్టకూడదు. "అందరూ వడగడితే దేంతో పోల్చి చూడల్ల?" అన్నారు అయ్యవారు. ఊళ్లో సగం ఇళ్లు ఒప్పుకున్నాయి. మా ఇల్లు మొదటిది. అవ్వ మాత్రం తన కుండ వేరుగా పెట్టుకుంది. పాత హాజరుపట్టీలో మిగిలిన కాగితాల మీద గీతలు గీసి ఆయన నా చేతికిచ్చారు. ఇంటి పేరు, మనిషి పేరు, వడగట్టిన నీళ్లా కాదా, నారి వచ్చిన రోజు. రాసే పని నాది. నా గొప్ప నేనే చెప్పుకోకూడదు గానీ, ఆ రిజిస్టరు చంకలో పెట్టుకుని వీధి వెంబడి పోతుంటే నాకు నేలమీద కాలు ఆనేది కాదు. ఎవరింట్లో గుడ్డ సరిగా కట్టకపోయినా పెద్దా చిన్నా చూడకుండా దులిపేసేదాన్ని. ఊళ్లో నాకు చిన్నయివారమ్మ అని పేరు పెట్టారు. అది వెక్కిరింత అని తెలిసినా సంతోషంగానే ఉండేది.

నెల తిరిగేసరికి ఆ సంతోషం నీరుగారిపోయింది. వడగట్టని ఇళ్లలో నారి వచ్చింది. వడగట్టిన ఇళ్లలోనూ వచ్చింది. ఏ తేడా లేదు. మా నాయనకే వచ్చింది, ఈసారి రెండో కాలికి. "గుడ్డ కట్టినాము, పసుపు పెట్టి పూజ జేయడమే తక్కువ" అని జనం నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. నేను ఒక్కొక్క పేరూ పళ్లు కొరుకుతూ రాశాను. ఆ వారంలోనే అక్క తొలికానుపుకు వచ్చింది. ఏడాది తర్వాత మా గడప తొక్కింది. వచ్చిన మూడోరోజు దాని చీలమండ మీద బొబ్బ లేచింది. రాజంపేట దగ్గర వాళ్లు తాగేది ఏటి ఇసుకలో చెలమ తవ్వి తోడిన నీళ్లు. ఏడాదిగా అది మా బావినీళ్లు చుక్క తాగలేదు, వచ్చింది మొదలు వడగట్టినవే తాగుతోంది. "చూసినావా? నీళ్ల వల్ల గాదని నేను మొదుటే చెప్పలేదా?" అంది అవ్వ.

అక్క పేరు నేను రాయలేదు. రిజిస్టరు మూసి ఇంట్లోంచి బయటపడ్డాను. మిట్టమధ్యాహ్నం, బావి దగ్గర ఎవరూ లేరు. అయ్యవారి మీద, గుడ్డ మీద, నా మీద నాకు ఎంత కోపమొచ్చిందంటే, మెట్లు దిగి నీళ్లలోకి పోయి దోసిలితో కడుపునిండా తాగాను. ఎండలో ఆ నీళ్లు చల్లగా, చాలా రుచిగా ఉన్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అయ్యవారు నాయనను చూడడానికి ఇంటికి వచ్చి పక్క మంచం మీద అక్కను చూశారు. మరునాడు బడిలో రిజిస్టరు తెరిచి అడిగారు.

"నాగమ్మ పేరు యాడుండాది?"

"పెండ్లయి పోయింది గదా అయివారూ, ఆయమ్మ మన ఊరి మనిషి గాదు."

"సరే. అసలు సంగతి చెప్పు."

నేను ఏడ్చేశాను. "రాస్తే మనం ఓడిపోతాం అయివారూ. అందరూ నగుతాండారు."

"మనం గెలిచేకి రాస్తాండామా, తెలుసుకునేకి రాస్తాండామా?" ఆయన గొంతు పెంచలేదు. కానీ అంతవరకు నన్ను అలా చూడలేదు. కలం నా చేతికిచ్చి, అక్క పేరు రాసేదాకా నిలబడి, ఆ తర్వాత కూర్చున్నారు. ఆ పేరునే చూస్తూ అడిగారు. "మీ యక్క ఈ ఊరి నీళ్లు కడపటిసారిగా ఎప్పుడు తాగింది?"

"పెండ్లయి పోయినప్పుడు. పోయిన ఎండాకాలం."

"వాళ్ల ఊర్లో ఎవరికన్నా నారి ఉండాదా?"

"పేరే యానాడూ వినలేదంట."

ఆయన లేచి అటూ ఇటూ నాలుగు అడుగులు వేశారు. తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డారు. "సుంకమ్మా, అయితే అది యాడనో పట్టింది గాదు. ఈన్నుంచే ఆయమ్మ వెంట పోయిండాది. ఏడాది లోపల్నే ఉండి, ఇప్పుడు బయటికొచ్చిండాది. మీ నాయనకు ఇప్పుడొచ్చింది పోయినేడు తాగిన నీళ్లది. మనం గుడ్డ కట్టింది ఈ ఉగాదికి గదా!" నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మేము వెతుకుతున్న జవాబు నేను దాచిన ఆ ఒక్క పేరులో ఉంది. ఆయన ఇంటికి రాకపోయి ఉంటే, ఇక గుడ్డలు విప్పండని ఆ వారమే ఊరికి చెప్పేసేవాళ్లం.

ఆదివారం రచ్చకట్ట దగ్గర ఆయన రిజిస్టరంతా చదివి వినిపించారు. వడగట్టిన ఇళ్లలో ఇంతవరకు ఏ లాభమూ కనబడలేదని ముందుగా తానే చెప్పారు. తర్వాత తన అనుమానం చెప్పి, అది తప్పో ఒప్పో ఎలా తేలుతుందో కూడా చెప్పారు. "వచ్చే ఉగాది దాకా వడగట్టిన ఇండ్లల్లో కూడా నారి రావచ్చు. నెల ఇటూ అటూ. ఆ తర్వాత ఆ ఇండ్లల్లో రాకూడదు. వచ్చిందంటే నా మాట తప్పు, గుడ్డలన్నీ విప్పి పారేయండి. ఇంకొకటి. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో రెండు నెలలు వడగట్టని నీళ్లే తాగినా. నాకూ రావచ్చు." అవ్వ వెనక నుంచి, "ఏడాది గడువు అడుగుతాండావు. అంతలోకి నువ్వు యాడికో ఎగిరిపోతావులే అయివారూ" అంది. ఆ ఎండాకాలమే ఆయనకు సొంతూరి పక్కకు బదిలీ వచ్చింది. ఇంకొక్క ఏడాది ఇక్కడే ఉంచమని అర్జీ పెట్టుకుని ఉండిపోయారు. ఆ ఏడూ నాయన మంచంలోనే ఉన్నాడు. చేను కోరుకు ఇచ్చాం, వచ్చిన గింజల్లో సగం సేద్యం చేసినవాళ్లకు పోయాయి.

తరువాతి ఉగాదికి ఇంకా ఇరవై రోజులు ఉండగా ఒక పొద్దున అయ్యవారు కుంటుకుంటూ బడికి వచ్చారు. పంచె మోకాలి దాకా ఎత్తి, కాలు బెంచీ మీద పెట్టి, పిక్క మీద బొబ్బ చూపించారు. పెళ్లికొడుకు మొహంలో కూడా అంత వెలుగు నేను చూడలేదు. "వచ్చింది! రాసుకో సుంకమ్మా, తేదీ వేసి రాసుకో!" మధ్యాహ్నం అవ్వే వచ్చి ఆయన కాలు ఒళ్లో పెట్టుకుని, ఆకు కట్టి, రోజూ పుల్లకు చుట్టి లాగింది. "ఇంత నొప్పికి నగే మనిషిని నిన్నే చూసినా. నీకేమన్నా పిచ్చా అప్పా?" అంటూనే, తన కొడుకు కాలు పట్టుకున్నంత మెత్తగా పట్టుకునేది. ఆయన పళ్లు బిగించి, "మెల్లగవ్వా, తెంపొద్దు, మూర పెట్టి చూడల్ల" అనేవారు. నిజంగానే కొలిచి నాతో రాయించారు.

ఉగాది వచ్చింది, పోయింది. చైత్రం గడిచింది, వైశాఖం గడుస్తోంది. వడగట్టని ఇళ్లలో ఎప్పటిలాగే పుల్లలు, ఆకులు, మూలుగులు. వడగట్టిన ఇళ్లలో ఒక్క పేరు లేదు. నేను రోజూ రిజిస్టరు తెరిచి ఆ ఖాళీ గళ్లు చూసుకునేదాన్ని. రాసిన కాగితం కన్నా రాయని కాగితం అంత అందంగా ఉంటుందని అప్పుడే తెలిసింది. మా నాయన రెండు కాళ్లూ నున్నగా ఉన్నాయి. విత్తనం వేసే గొర్రు బయటికి తీసి, కొయ్యలు బిగించి, నూనె రాసుకుంటున్నాడు. జనం ఒకరొకరే నన్ను పిలిచి గుడ్డ ఎట్లా కట్టాలో అడుగుతున్నారు.

రోహిణి ఎండల్లో ఒక పొద్దున నిద్ర లేచేసరికి నా ఎడమ చీలమండ మండుతోంది. చూసుకుంటే బొబ్బ. ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏడాది కిందటి ఆ మధ్యాహ్నం, ఆ దోసిలి, ఆ రుచి అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి. వడగట్టిన ఇళ్లన్నింటిలో మొదటి పేరు చిన్నయివారమ్మదే అవుతుంది. ముల్లు గుచ్చుకుందని చెప్పి పరికిణీ కిందికి లాక్కుని తిరగవచ్చు. రెండు రోజులు అలాగే తిరిగాను. దాచితే ఊరు గుడ్డ విప్పదు. చెబితే, ఉగాది దాటాక కూడా వచ్చింది గదా అని విప్పేస్తారేమో. తాగిన సంగతి కూడా చెబితే నేను ఇక తలెత్తుకుని వీధిలో నడవలేను. మూడోరోజు రిజిస్టరు తీసి రాశాను. సుంకమ్మ, వడగట్టే ఇల్లు, నారి వచ్చింది. పక్కన ఇంకా ఇలా రాశాను: అక్క వచ్చిన వారం, బుధవారం మధ్యాహ్నం, దిగుడుబావిలో వడగట్టని నీళ్లు దోసిలితో తాగింది, ఎవరికీ చెప్పలేదు.

అయ్యవారు దాన్ని రెండుసార్లు చదివారు. తిడతారని తలొంచుకుని నిలబడ్డాను. "ఇందులో ఇంతమంది పేర్లు ఉండాయి. ఏ దినం తాగినారో ఒక్కరికీ తెలీదు, నాతో సహా. నీకు దినం తెలుసు. మన రిజిస్టరులో ఇంత గట్టి వరుస ఇంకొకటి లేదమ్మా" అన్నారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. రచ్చకట్ట దగ్గర ఎవరు చదవాలి అని నేను అడిగితే, "నువ్వు రాసింది నువ్వే చదువు" అన్నారు. కుంటుకుంటూ పోయి చదివాను. సిగ్గుపడుతూనే చివరి దాకా చదివాను. అవ్వ ముందుకు వచ్చి, "దొంగముండా, ఊరందరికీ నీతులు చెప్పి నువ్వు తాగినావా?" అని నా నెత్తిన ఒక్కటి మొట్టింది. ఆ సాయంత్రం నా కాలికి ఆకు కట్టి, చేతులు కడుక్కుని, తన కుండ మూతికి గుడ్డ కట్టుకుంది. నేను చూస్తున్నానని తెలిసి మొహం అటు తిప్పుకుంది.

మృగశిర వానకు నాయన గొర్రు కట్టాడు. నేను మంచం మీదే ఉన్నాను, కాలికి పుల్ల కట్టి. రెండేళ్లుగా తను పడుకున్న మంచం అది. వాకిట్లో ఎద్దుల గంటలు మోగుతుంటే తిరిగొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "పోయొస్తా పాపా" అన్నాడు. ఆయన నడక చప్పుడు వీధి చివరి దాకా విన్నాను. నాకు నొప్పి తెలియలేదని చెబితే అబద్ధం. నొప్పి ఉంది. దానికన్నా గర్వం ఎక్కువగా ఉంది.

ఆ నెలలోనే అయ్యవారు బదిలీ మీద వెళ్లిపోయారు. కొన్నేళ్లకు దిగుడుబావి మెట్లు పూడ్చి, గట్టు కట్టి, గిలక పెట్టారు. నేను కాలేజీలో చదివేటప్పుడు నారిపురుగు సంగతంతా, ఏడాది గడువుతో సహా, ఎప్పుడో పుస్తకాలకెక్కిందని చూసి ఉడుక్కున్నాను. ఆయనకు కార్డు రాసి అడిగాను: మీకు ముందే తెలుసా? జవాబు వచ్చింది. "నీళ్లని మాత్రం యాడనో చదివినా. ఏడాది సంగతి తెలీదు. తెలిసుండి పుస్తకంలో ఉండాదని చెప్పింటే మీ అవ్వ గుడ్డ కట్టిండునా?" నేను ముప్పై ఏళ్లు సైన్సు చెప్పాను. ప్రయోగంలో జవాబు కుదరలేదని పిల్లలు అంకె దిద్దుకుంటే, దిద్దక ముందున్నదే నాకు చూపించమనేదాన్ని. రిజిస్టరును మా ఊరి ఇంట్లో చెదలు తినేశాయి. అయ్యవారు పోయి చాలా కాలమైంది.

బిందె నిండాక మా అమ్మాయి గుడ్డ విప్పి, అందులో చిక్కిన ఎర్రమట్టిని చూసి, ఆ గుడ్డను ఎండకెత్తి పట్టుకుంది. "సరే, కొన్ని ఆగుతాయంటావు. నీకెట్లా తెలుసు?" అంది. ఆ ప్రశ్న విని ఎన్నేళ్లయిందో. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కుర్చీ దగ్గరికి లాక్కుని, చీర కుచ్చిళ్లు కొంచెం పైకెత్తి, ఎడమ చీలమండ మీద మచ్చ చూపించాను.

"కూర్చో" అన్నాను. "బుధవారం మధ్యాహ్నం."